విజిలెంట్ పాఠానికి నలభై టిక్కులు

తొమ్మిదేళ్లుగా టెంపరరీగా వేలాడుతున్న ఇంగ్లిషు మాస్టారు ఆ ఉదయం కాఫీ చల్లారేలోగా నలభై నోటుపుస్తకాలు దిద్దేయాలనుకున్నారు. దిద్దేశారు కూడా. ఆ రోజు ఇన్‌స్పెక్టరు వచ్చి ఆయన పాఠం వింటారు. మెచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే.

"చదివే పెడుతున్నారా ఆ టిక్కులు?" అంది భార్య.

"టిక్కు పెట్టడానికి చదవడమెందుకే? చేయి తిరిగితే చాలు."

బడిలో పాఠం రంజుగా మొదలైంది. "విజిలెంట్ అంటే ఊరికే మేలుకుని ఉండటం కాదర్రా. ఒళ్లంతా కళ్లు చేసుకుని, ఎక్కడేం తేడా జరుగుతోందో కనిపెట్టడం," అన్నారు మాస్టారు. వెనక బెంచీలో హెడ్మాస్టరు తల ఊపారు. పక్కనే కూర్చున్న ఇన్‌స్పెక్టరు ముచ్చటపడ్డారు.

"ఈ వారమంతా మీరు కనిపెట్టినవాటి మీద వాక్యాలు రాశారటగా. ఏదీ, చదవమ్మా," అని ఇన్‌స్పెక్టరే ముందు బెంచీ అమ్మాయిని అడిగారు.

ఆ పిల్ల పుస్తకం తెరిచి తడుముకోకుండా ఇంగ్లిషులో చదివింది. "మా హెడ్మాస్టరు గారు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా విజిలెంట్‌గా ఉండరు. గురక పెడతారు."

హెడ్మాస్టరు లేచి నిలబడ్డారు. "ఎవరు రాయమన్నారే ఇది?"

"మా సారు టిక్కు పెట్టారండి. వెరీ గుడ్ అని కూడా రాశారు."

మాస్టారు గబగబా ముందుకొచ్చారు. ఎలాగోలా సర్దుదామని, "ఇంకోటి చదువు తల్లీ," అన్నారు. అనకుండా ఉండాల్సింది.

"మా సారు నోటుపుస్తకాలు విజిలెంట్‌గా దిద్దరు. పోయిన వారం పొరపాటున లెక్కల పుస్తకం ఇచ్చినా టిక్కు పెట్టారు."

తొమ్మిదేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైందని మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది. ఇన్‌స్పెక్టరు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వారు. "వాడుక సరిగ్గానే ఉంది. పుస్తకం మూసేసి ఇప్పటికిప్పుడు సొంతంగా ఒకటి చెప్పు చూద్దాం."

పిల్ల పుస్తకం మూసేసింది. "ఇందాక చాక్‌పీసు కోసం ఆఫీసు గదికి వెళ్లాను. ఇన్‌స్పెక్టరు గారు పదకొండుకొచ్చి రిజిస్టరులో తొమ్మిదని రాశారు. నేను విజిలెంట్‌గా ఉన్నాను."

నవ్వు ఆగింది. పెద్దవాళ్లు ముగ్గురూ ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. అరగంటకు బయటికొచ్చేసరికి ఒకరి భుజం మీద ఒకరి చేయి ఉంది. మాస్టారి ఉద్యోగాన్ని వెంటనే పర్మనెంటు చేయాలని ఇన్‌స్పెక్టరు నివేదికలో రాశారు.

విజిలెంట్ అన్న మాట పిల్లల వయసుకు మించినది కనుక పాఠంలోంచి తీసేయాలని కూడా రాశారు.