నీలం పట్టీ సీసా

"ఇకపై ఈ వార్డులో నా అనుమతి లేకుండా ఎవరూ చనిపోరు!" అని పెద్ద డాక్టరుగారు సెలవిచ్చారు.

ఊరికే అన్న మాట కాదు. ప్రాణం మీదికొచ్చిన రోగి బతుకుతాడో లేదో ముందే తేల్చే కంప్యూటరు లెక్క ఆయన కనిపెట్టారు. బతకడని తేలినవాళ్ళ కోసం ఓ కొత్త మందూ తయారుచేశారు. పరీక్ష పద్ధతిగా సాగుతోంది. సగంమందికి నీలం పట్టీ సీసా, సగంమందికి తెల్ల పట్టీ సీసా. ఒకదాంట్లో మందు, రెండోదాంట్లో ఉత్త ఉప్పునీళ్ళు. ఏది ఏదో పరీక్ష ముగిసేదాకా ఎవరికీ తెలియకూడదు. "నాక్కూడా తెలీదంటే చూసుకోండి, ఎంత నిజాయితీగా చేస్తున్నామో" అని బంధువులకు చెప్పి, కళ్ళు ఒత్తుకుని, సంతకాలు పెట్టించుకునేవారు.

ఆ ఉపన్యాసాల మధ్యలోనే ఆయనకు దగ్గు పట్టుకుంది. దగ్గు జ్వరమైంది, జ్వరం ఊపిరితిత్తులదాకా పోయింది. చివరికి తన వార్డులోనే, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో వెల్లకిలా పడ్డారు. ఆ మంచాలు అంత గట్టిగా ఉంటాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

చిన్న డాక్టరు కంప్యూటరు ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీ లెక్క ప్రకారం మీరు... కష్టమేనండి."

"నా వయసువాళ్ళ దగ్గర అది కాస్త తప్పుతుందోయ్."

"అస్సలు తప్పదని మొన్న సభలో మీరే అన్నారు కద సార్."

ఇన్నాళ్ళూ పరాయివాళ్ళకు గడగడా చెప్పిన మాట ఇప్పుడు పెద్ద డాక్టరుగారి దాకానే వచ్చింది. ఆయనకు బతకాలని ఉంది, అంతే.

ఇంతలో భార్య వచ్చింది. ఆయన తెలివి మీద ఆవిడకు కొండంత నమ్మకం.

"ఏమండీ, కంగారుపడకండి. సంతకం పెట్టేశాను. మీ పరీక్షలో మిమ్మల్నీ చేర్చుకోమన్నాను."

"వద్దే. నేను వాడేస్తే ఎవరో పేదవాడికి ఓ సీసా తగ్గిపోదూ?"

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈ స్థితిలో కూడా పరుల గురించేనా? సిస్టర్, ఈయన మాట వినకండి. ఎక్కించేయండి."

ఎవరికి ఏ సీసానో తేల్చే కంప్యూటరు నీలం అంది. నర్సు నీలం పట్టీ సీసా తెచ్చి స్టాండుకు తగిలించబోయింది. పెద్ద డాక్టరుగారు ఉన్న ఓపికంతా కూడగట్టుకుని ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మా, అది వద్దు. తెల్లది పెట్టు."

"అంటే మందు తెల్లదాంట్లో ఉందా అండీ?" అని భార్య ఆశగా వంగింది.

"కాదే. అందులో ఉన్నది ఉప్పునీళ్ళు."

పక్క మంచం మీద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్న ముసలాయన, ఏ క్షణాన్నైనా పోతాడని కంప్యూటరు తేల్చేసినవాడు, లేచి కూర్చుని తన చేతికున్న నీలం సీసా గొట్టం పీకేసుకున్నాడు.