ఎడమకు కదలని బాణము

కలియుగమున, క్రీస్తుశకము వెయ్యిన్ని తొమ్మిదివందల తొంభై ఎనిమిదవ వత్సరమున, దసరా సెలవులు ముగిసి కళాశాలలు ఆవులించుచు కళ్లు నులుముకొను వేళ, ఉదయగిరి కొండపై పుట్టిన ఎండ దుత్తలూరు మెట్టచేలను వేయించి, అనంతసాగరము చెరుకుతోటలను ఆరగించి, ఆత్మకూరు డిగ్రీ కళాశాల రేకులకప్పుపై పీట వేసికొని కూర్చున్న సుముహూర్తమున జరిగిన మహాసంగ్రామమును చెప్పెద, వినుడు. ఇందు రక్తము చుక్కయు కారలేదు. చెమట మాత్రము ధారాళముగా కారినది.

ఆ రణమునకు నాయకుడు ఉదయగిరి బాప్టిస్టు సంఘ కులదీపకుడు, కీబోర్డు గాండీవధారి, ప్రథమ బస్సు ప్రయాణధురంధరుడు, శ్రీమాన్ శాంతికుమారుడు. లెక్కల మాస్టరుగా చేరి, వేసవి శిక్షణలో కంప్యూటరు విద్య నేర్చిన ధీరుడాతడు. అతడు బేసిక్కను కంప్యూటరు భాషను బోధించుచుండగా విశ్వవిద్యాలయము కోబాలనెను. కోబాలు కొరుకుడుపడునంతలో పాస్కలనెను. పాస్కలు పిల్లల నాలుకకెక్కకమునుపే సీ అనెను. వచ్చిన ప్రతి సిలబస్సును నిన్న నేర్చి, పుట్టుకతో వచ్చిన విద్యవలె నేడు చెప్పుట ఆ వీరుని యుద్ధనీతి. పిల్లలకంటె ఒక్క పాఠము ముందున్నవాడు గురువు, వెనుకబడినవాడు వెంగళప్ప అని అతడెరుగును.

అట్టివానిపై ఈ ఏడు విండోసు విరుచుకుపడెను. దానితోపాటు, తోకవంటి తీగతో, మౌసు అనబడు మూషికమును వేంచేసెను. సెలవులకు ముందునాడు కంపెనీవాడు వచ్చి, యంత్రమును బిగించి, మూషికమును రెండుమార్లు అటునిటు తిప్పి చూపి, నెల్లూరు బస్సెక్కి చక్కా పోయెను. మన వీరుడు దానిని ఒక్కమారు తాకి, కదిలినదని మురిసి, సెలవులకు ఊరు చేరెను. సెలవులు తీరిన మొదటిరోజే విశ్వవిద్యాలయ పరిశీలకుడు మాలకొండయ్య, పిలువని పేరంటమునకువలె, ల్యాబు తనిఖీకి దిగెను.

దిగిన వెంటనే ప్రిన్సిపాలు రామనారాయణ మన వీరుని వరండాలోకి లాగి, చెవిలో పాంచజన్యము పూరించెను.

"ఇదిగో శాంతికుమారూ, ఈయన ముందర తేడా వచ్చిందా, నువ్వు మళ్లా లెక్కలకు పోవాల్సిందే. నెల్లూరు నుంచి ఎవురో కుర్రోడు ఉండాడంట, కంప్యూటర్లు నమిలి మింగినాడంట. వాణ్ణి తెచ్చుకుంటాం. నన్ను అనబాక మళ్లా."

ఆ మాట శూలమై గుచ్చుకొనెను. లెక్కలు చేదని కాదు. గొడ్ల చావిడినుండి నేరుగా తరగతికి వచ్చు పిల్లలు తెరమీద తమ పేరు వెలుగుట చూచి నోరు తెరచి నవ్వెడి నవ్వును ఒక్కమారు చూచినవాడు, మరల సుద్దముక్క పట్టి నల్లబల్ల వైపు తిరిగి బ్రతుకలేడు. శాంతికుమారుడు ఆ నవ్వుకు దాసుడు.

చెప్పులు వాకిటనే విడిచి, పిల్లలతో కూడిన సకల సేనయు గర్భగుడిలోకి వలె ల్యాబులోకి ప్రవేశించెను. పరిశీలకుడు కుర్చీలో సుఖాసీనుడై, "పెద్ద పనేమీ వద్దు మాస్టారూ. ఆ మూలనున్న స్టార్టు నొక్కి, పిల్లలకు ఒక్క ప్రోగ్రామ్ తెరిచి చూపించండి, చాలు," అనెను.

స్టార్టు తెర అడుగున, ఎడమ మూలన ఉన్నది. బాణము తెర నడుమ ఉన్నది. వీరుడు మూషికమును వెనుకకు లాగెను. బాణము సరసరా దిగివచ్చెను. ఎడమకు లాగెను. బాణము కదలలేదు. మరల లాగెను. ఊహూఁ. పైకి పొమ్మన్న పోవును, క్రిందికి రమ్మన్న వచ్చును, ఎడమకు మాత్రము అత్తమీద అలిగిన కోడలివలె అడుగు వేయదు. ఎడమకు ఏటవాలుగా తనవైపు లాగగా లాగగా మూషికము బల్ల అంచు దాటి వీరుని ఒడిలో పడెను.

"ఓరీ మూషికాధమా!" అని అతడు మనసులో గర్జించెను. "కోబాలు కొమ్ములు వంచినవాడను! పాస్కలు పళ్లు రాలగొట్టినవాడను! గొల్యాతు ఎదుట దావీదు మాటను వడిసెల వినెను గదా, నా మాట నీవేల వినవు? జానెడు దూరము! ఒక్క జానెడు కదలి నా పరువు నిలుపుము!"

మూషికము ఉలకలేదు, పలకలేదు.

"సార్, గట్టిగా రుద్దండి సార్," అనెను ముందువరుస మధులత.

"కుడి పక్క నుంచి చుట్టూ తిరిగి వస్తాదేమో చూడండి సార్," అనెను వెనుకవరుస వంశీ. సేన కిసుక్కుమనెను.

"ఏందయ్యా ఇది, బురదలో బండి దిగబడినట్టు?" అని ప్రిన్సిపాలు పండ్లు కొరికెను.

అంతట వీరుని నాసికకు ఒక పరిమళము సోకెను. గంధము! మూషికమును తిరగవేయగా, దాని కడుపులో దొర్లు గుండుపై ఎర్రని కుంకుమబొట్టు వెలుగుచుండెను. అడుగుమూత త్రిప్పి గుండును అరచేతిలోకి రాల్చగా, బాణమును ప్రక్కలకు నడుపు సన్నని ఇరుసొకటి, పసుపుపచ్చని గంధము గడ్డకట్టి, బిగుసుకుపోయి కనబడెను.

వంగి చూచిన ప్రిన్సిపాలు ముఖము తెల్లబోయెను. మన వీరునికి మాత్రమే వినబడునట్లు గొణిగెను. "ఆయుధపూజ నాడు నేనే పెట్టినానయ్యా. చేను దున్నే మడకకు పెట్టేటప్పుడు కర్రు మొనకే గదా పెడతాం. దీంట్లో నేల మీద తిరిగేది ఈ గుండే గదా అని, తిరగేసి, బాగా దట్టంగా పూసినా."

"ఏమైంది మాస్టారూ?" అని పరిశీలకుడు కుర్చీలో ముందుకు జరిగెను.

వీరుడు చిక్కులో పడెను. పూజవలన చెడెనన్నచో, చర్చి పెద్దగారి కొడుకు దసరాను తప్పుపట్టెనని సాయంత్రానికి ఊరంతా అనును, ప్రిన్సిపాలు తల నలుగురిలో వంగును. అనకున్నచో, చేతకానివాడు తానే అగును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అతడు గుండును గుప్పిట బిగించి, లేచి నిలిచి, సేనవైపు తిరిగెను.

"ఇయాళ పాఠం ఇదేరా! బేసిక్ పోయింది, కోబాల్ పోయింది, రేపు ఈ విండోస్ కూడా పోతాది. ఏదొచ్చినా బెదరబాకండి. పలక్కపోతే తిరగేసి, కడుపులో ఏముండాదో చూడండి. మారని సిలబస్ అదొక్కటే. మధులతా, ఒక పిన్నీసు ఇయ్యమ్మా!"

మధులత ఓణీనుండి తీసి ఇచ్చిన పిన్నీసును ఖడ్గమువలె ఝళిపించి, గంధమును పొరపొరగా గోకి, ఇరుసును చొక్కా అంచుతో తుడిచి, గుండును స్వస్థానమున ప్రతిష్ఠించి, వీరుడు మూషికమును మెల్లగా ఎడమకు లాగెను. బాణము కదలెను! స్టార్టును దాటిపోయెను. వెనుకకు వచ్చెను. మరల దాటెను. తుదకు వణకుచు దానిపై వాలెను. టిక్కుమనెను. పట్టిక విప్పారెను. పిల్లలు బల్లలు విరుగునట్లు చరిచిరి.

"బాగుంది. ఇంకొంచెం ముందుకు పోండి," అనెను పరిశీలకుడు.

"అది రేపటి పాఠం సార్," అనెను వీరుడు తొణకక. రేపటి పాఠము అతనికిని ఇంకను రాదు.

పరిశీలకుడు ఫక్కున నవ్వి, "పిల్లలకు యంత్రం విప్పి చూపించిన మాస్టారిని ఈ ఏడు మిమ్మల్నే చూశాను," అని లేచెను. ఆయనను సాగనంపి వచ్చిన ప్రిన్సిపాలు, గుమ్మమున నిలిచి, గొంతు సవరించుకొనెను.

"లెక్కలకు ఇంకెవుర్నన్నా చూసుకుంటాలే. నువ్వు ఈడే ఉండు."

ఇట్లు ఆత్మకూరు సమరాంగణమున, సకల సైన్యసమక్షమున, ఒక్క పిన్నీసు సహాయమున, తెరపై జానెడు నేల జయింపబడెను. దుందుభులు మోగలేదు, పూలవాన కురియలేదు. రెండవ పీరియడు గంట మాత్రము మోగెను. విజయోస్తు! జానెడు జయించినవానికి, రేపటి పాఠము ఇంకను రానివానికి, లెక్కలకు పోని శాంతికుమారునికి!