పాదరసం లేని ఊళ్లో ఒక సీసా

మన పట్టణంలో పాదరసం లేదని పౌరులందరికీ సంతోషపూర్వకంగా తెలియజేయడమైనది. సోమవారం పదిన్నరకు జరిగిన విజయోత్సవ సభలో ఈ సంగతి అధికారికంగా ప్రకటించారు. పదకొండు గంటలకు పాదరస సేకరణ కేంద్రాన్ని ప్రారంభించారు. ముందు సేకరణ, ఆ తర్వాత కదా విజయం అని మీవంటి తొందరపాటు మనుషులకు అనిపించవచ్చు. ముఖ్య అతిథిగారికి పదకొండున్నరకు మరో ప్రారంభోత్సవం ఉంది. ఆయన వీలును బట్టి విజయాన్ని కాస్త ముందుకు జరిపారు.

కేంద్రం చూడముచ్చటగా ఉంది. పురపాలక కార్యాలయం మెట్ల కింద పాత సైకిళ్లు తీయించి, ఎర్రరంగు ఇనప్పెట్టె ఒకటి పెట్టారు. పగిలిన థర్మామీటర్లు, బీపీ చూసే పాత పరికరాలు, మాడిపోయిన ట్యూబులైట్లు చెత్తలో వేయకుండా ఇక్కడే ఇవ్వాలని దాని మీద రాయించారు. పెట్టె తాళంచెవిని మఖమల్ డబ్బాలో పెట్టి ముఖ్య అతిథికి జ్ఞాపికగా బహూకరించారు. అందువల్ల పెట్టె లోపల ఇప్పటికీ కొత్త రంగు వాసనే.

ఇంత చక్కగా సాగిపోతున్న కార్యక్రమంలో పుల్ల పెట్టినవాడు మా ఎదురింటి బీపీ మేస్త్రి. డాక్టర్ల దగ్గరుండే పాదరసం బీపీ పరికరాలు బాగుచేయడం ఆయన వృత్తి. ఇంటి ముందుగదే దుకాణం. ముప్ఫై ఏళ్లుగా మిగిలిన చుక్కా, కారిన చుక్కా దాచిపెడితే అరసీసా అయింది. అన్నాళ్లూ మంచివాడే. మనవరాలు పాకడం మొదలుపెట్టేసరికి ఆయనకు చాదస్తం పట్టుకుంది.

ఒకరోజు బల్ల మీంచి ఓ చుక్క జారి, నేల మీద పడి వంద పూసలైంది. మీరూ నేనూ అయితే చీపురుతో ఊడ్చి వీధిలోకి తోసేసేవాళ్లం. ఈయన పాపని బయటికి పంపించి, ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, గట్టి అట్టముక్కతో ఒక్కో పూసనీ పోగుచేసి సీసాలోకి ఎక్కించి, మూత బిగించాడు. చీపురు తగిలితే పూసలు ఇంకా చితికిపోతాయట. వాటి ఆవిరి కంటికి కనబడదట, పసిపిల్లల మెదడుకి చేటట.

"నాన్నా, ఆ సీసా ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు కునుకు పట్టదు. ఏది దొరికితే అది నోట్లో పెట్టేసుకుంటోంది ఇది," అంది కూతురు.

"రేపే ఇచ్చేసి వస్తానమ్మా. పెట్టె పెట్టారుగా," అన్నాడు మేస్త్రి.

సీసాను చూడగానే కేంద్రం గుమస్తా కుర్చీలోంచి లేచాడు. "ఊళ్లో పాదరసం లేదని మొన్ననే ప్రకటించాం కదండీ! మీకెక్కడిది?"

"మా ఇంట్లోదేనండి."

"మీ ఇల్లు ఊళ్లోనేగా?"

మేస్త్రి అవునన్నాడు. పొరుగూరి వాణ్ణని రాసిస్తే ఆలోచిస్తామన్నారు. కానీ పొరుగూరి వాళ్లు పొరుగూళ్లోనే ఇచ్చుకోవాలని నిబంధన ఉంది.

వ్యవహారం పెద్ద అధికారి దాకా వెళ్లింది. ఆయనది విశాల హృదయం. మేస్త్రిని పక్కన నిలబెట్టుకుని సిబ్బందినుద్దేశించి ప్రసంగించారు. "ఇటువంటి పౌరులుండటం మన అదృష్టం! అయితే ఒక్క సీసా కోసం లక్షమంది గౌరవాన్ని పణంగా పెడదామా? అందులో ఉన్నది అసలు పాదరసమేనా? ఈ క్షణమే నిర్ధారణ సంఘాన్ని నియమిస్తున్నాను!" అందరూ చప్పట్లు కొట్టారు. సీసా చంకలో ఇరికించుకుని, పాపం, మేస్త్రి కూడా కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే సంఘం ఆయన ఇంటికి వేంచేసింది. మొత్తం ఎనిమిది మంది. కూతురు పాపని ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మూత తీయొద్దని మేస్త్రి చేతులు జోడించాడు. మూత తీయకుండా నిర్ధారించడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి తీశారు. అధ్యక్షులవారు అరచేతిలో పోయించుకుని, "ఎంత బరువుందయ్యా!" అని మురిసిపోయి పక్కవారి చేతిలోకి వంచారు. అలా చేతులు మారుతూ నాలుగో సభ్యుడి దాకా వచ్చేసరికి సగానికి సగం నేలపాలైంది. అప్పుడు సంఘం పరిశుభ్రత మీద తనకున్న శ్రద్ధ చాటుకుంది. చీపురు తెప్పించి గది మూలమూలలా ఊడ్పించింది. ఉక్కగా ఉందని ఫ్యాను వేయించింది. సీసాలో మిగిలింది వీధి కాలువలో కుమ్మరించి, ఖాళీ సీసాతో ఫోటో దిగింది. ఆ ఇంట పాదరసం లేదని ధ్రువపత్రం రాసి తలుపుకి అంటించింది.

"మరి మా పాప ఎక్కడ పాకాలండీ?" అని వాళ్ల వెనకే వీధి మలుపు దాకా వెళ్లి అడిగింది కూతురు. అది సంఘం పరిధిలోని అంశం కాదు.

ఆ అమ్మాయి గొంతు వింటే నాకు నిజంగానే జాలేసింది. జాలేసిందే గాని గుమ్మం దిగలేదు. ఆ సాయంత్రం మా అటక మీది పాత థర్మామీటర్లు రెండూ తీసి, అటూ ఇటూ చూసి, అదే కాలువలో పడేశాను. వీధంతా అదే పని చేసింది. మేస్త్రికి పట్టిన గతి చూశాక కేంద్రం గడప తొక్కే వెర్రివాడెవడు? ఆరు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు రాలేదు గనుక ప్రకటన అక్షరాలా నిజమని తేలింది. పట్టణానికి పురస్కారం కూడా వచ్చింది.

మేస్త్రి పని మానేశాడు. టార్చిలైటు పట్టుకుని గచ్చు పగుళ్లలో వెతుక్కుంటూ తనే పాకుతున్నాడు. కూతురు పాపని చంక దింపదు. పుట్టి ఏడాది దాటి ఇన్నాళ్లయినా ఆ పిల్ల అడుగు వేయడం లేదు. ఎంతకాలమని చూస్తూ ఊరుకుంటాం? మొన్న వీధిలో వాళ్లమంతా కలిసి వెళ్లి ఆ తల్లికి గట్టిగా బుద్ధి చెప్పి వచ్చాం.

"పిల్లని నేల మీద వదలకపోతే నడకెలా వస్తుందమ్మా? తల్లివై ఉండి ఆమాత్రం తెలియదూ?"