నీలిరెక్క కార్డూ, పద్నాలుగు మంది భోజనమూ

ప్యో గ్వాంగిల్ ఆ ఉదయం పళ్లు తోముకుంటూనే పథకం ఖాయం చేసుకున్నాడు. మధ్యాహ్నం ఆఫీసు విందు. పద్నాలుగు మంది. పంది మాంసం బల్లమీదే కాల్చుకు తినే హోటలు. బిల్లు నాలుగు లక్షల వాన్లకు తగ్గదు. దాన్ని తన కార్డు మీద గీకించి, ఎవరి వాటా వాళ్ల చేత ఫోన్లో వేయించుకుంటే సరి. సాయంత్రానికల్లా గువాం దీవికి రెండు విమానం టిక్కెట్లు. దీనికి మెదడు కూడా అక్కర్లేదు, కార్డు చాలు.

ఆ కార్డును ఎంచుకోవడానికి మాత్రం మూడు వారాలు మెదడు వాడాడు. డేజన్ నగరంలో బాయిలర్ల వాల్వులు చేసే కంపెనీలో అతను సెక్షన్ చీఫ్. పదకొండు కార్డుల కాగితాలు పోగేసి, స్కేలూ భూతద్దమూ పెట్టుకుని నోటుబుక్కులో గడులు గీశాడు. ఒక కార్డు ఖర్చుకు తగ్గట్టు విమానం మైళ్లు బాగా ఇస్తుంది, ఏడాది చందాతో నడ్డి విరుస్తుంది. ఒకటి చందా లేదంటుంది, మైళ్లు చీమ నడిచినట్టు వస్తాయి. మరొకటి విమానాశ్రయంలో ఉచితంగా సోఫా మీద కూర్చోనిస్తుంది, విమానం సంగతి ఎత్తదు. కార్డు కంపెనీవాడు ఊరికే ఇచ్చే రకమైతే వాడికి ముప్పై అంతస్తుల మేడ ఎలా లేచింది? ఈ ప్రశ్న గ్వాంగిల్ వేసుకోలేదు. వేసుకునేవాడైతే కథే లేదు.

చివరికి 'నీలిరెక్క' గెలిచింది. మొదటి నెలలో ఇరవై లక్షలు ఖర్చు పెడితే గువాంకు రెండు టిక్కెట్లు. పన్నులు, కరెంటు బిల్లులు లెక్కలోకి రావు. నెల గడువు ఈరోజుతో సరి. ఇంకా నాలుగు లక్షలు తక్కువ.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. పెళ్లయిన మర్నాడు గువాంకు ఎక్కాల్సిన విమానం తుఫానుకు ఆగిపోయింది. కొత్త జంట మూడు రోజులూ బుసాన్‌లో పెళ్లికూతురి మేనత్త ఎండుచేపల కొట్లో గడిపింది. ఇది జరిగి పాతికేళ్లు. వచ్చే నెలే పెళ్లిరోజు.

"ఏమండీ, ఆ తుఫాను ఇంకా తగ్గలేదా?" అంది భార్య హ్యాంగ్‌మి, పులుసు గిన్నె ముందుపెడుతూ. ఏడాదికోసారి అడిగే ప్రశ్నే.

"తగ్గుముఖం పట్టింది."

"పాతికేళ్లుగా పడుతూనే ఉంది. నా పెళ్లిబట్టలు ఇప్పటికీ ఎండుచేపల కంపే."

గ్వాంగిల్ నవ్వు గొంతులోనే మింగి ఆఫీసుకు పోయాడు.

ఈ నెల విందుల డబ్బు అయిపోయిందని కంపెనీ చెప్పేసింది. డైరెక్టర్ల గోల్ఫు డబ్బు మాత్రం అయిపోలేదు, అది వేరే కుండ. అందుకే ఎవరి తిండి ఖర్చు వాళ్లదే అని ముందే అనుకున్నారు. గ్వాంగిల్‌కు ఉన్న భయమల్లా తన కింద పనిచేసే బాన్ సూరిమ్ గురించే. ఆ అమ్మాయి కూడా కార్డు పాయింట్ల పిచ్చిదే, అందరికంటే ముందు కార్డు తీసి "నేను కట్టేస్తా, తర్వాత నాకు వేసేయండి" అంటుంది. అందుకని మాంసం సగం కాలగానే గ్వాంగిల్ టాయిలెట్‌కని లేచాడు. గల్లాపెట్టె దగ్గర గుట్టుగా కార్డు గీకించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

వాళ్ల దేశంలో భోజనం మధ్యలో టాయిలెట్‌కని లేచి గుట్టుగా బిల్లు కట్టొచ్చాడంటే అర్థం ఒక్కటే: అందరికీ వాడే తినిపిస్తున్నాడు. పాలు తాగే పిల్లకైనా తెలుసు. గ్వాంగిల్‌కూ తెలుసు. కానీ యాభై రెండేళ్ల జీవితంలో ఒక్కసారీ ఆ పని చేయలేదు గనక గుర్తురాలేదు.

బాన్ సూరిమ్ కార్డు పట్టుకుని గల్లాపెట్టె దగ్గరికి వెళ్లగానే హోటలు నడిపే పిన్ని గొంతెత్తింది. "నీ కార్డు లోపల పెట్టుకో అమ్మా! మీ చీఫ్ గారు ఎప్పుడో కట్టేశారు!"

పన్నెండు మందీ నడుములు వంచారు. "బాగా తిన్నాం సార్! పెద్ద మనసు సార్!"

"అది కాదు... వాటాలు..." అన్నాడు గ్వాంగిల్. ఎవరూ వినలేదు.

"హోటలు చాక్లెట్లు జేబులో వేసుకుపోయే మనిషి," గుసగుసలాడింది సూరిమ్. "నెల రోజులుగా నోటుబుక్కులో ఏవో గడులు గీస్తున్నారు. ఉద్యోగం వదిలేస్తున్నారా, లేక..."

ఆ 'లేక' దగ్గర అందరి మొహాలూ పాలిపోయాయి.

డైరెక్టరు మేంగ్ మాత్రం లేచి నిలబడి చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఏమయ్యా ప్యో! నేనుండగా కిందివాడు బిల్లు కడతాడా? నా మొహం ఎక్కడ పెట్టుకోను? పిన్నీ, అది రద్దు చేసి నాది గీకు!"

"సార్, వద్దు! దండం పెడతా, నా పొట్ట కొట్టకండి!"

"చూశారా ఎంత మర్యాదో!" అని జనం మెచ్చుకున్నారు.

బిల్లు కోసం పోట్లాట ఆ హోటల్లో రోజూ ఉండేదే. ఇద్దరూ రెండుసార్లు తోసుకుంటారు, ఒకడు తగ్గుతాడు. ఇక్కడ ఇద్దరూ తగ్గలేదు. డైరెక్టరు గ్వాంగిల్ చొక్కా జేబులోంచి కార్డు లాగి పిన్నికిచ్చాడు, ఆమె కట్టింది రద్దు చేసింది. గ్వాంగిల్ ఎగిరి ఆమె చేతిలోని తన కార్డు అందుకోబోయాడు. అతని ఫోను జారి కుతకుతలాడే సోయా పులుసులో మునిగింది. తన కార్డు చేత్తో పట్టుకునే డైరెక్టరు అతని నడుం పట్టాడు. ఇద్దరూ చెప్పుల అరల మీద పడ్డారు. రెండు కార్డులూ నేలమీద పడ్డాయి, రెండూ నీలంగానే ఉన్నాయి.

ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న పిన్ని వంగి, డైరెక్టరు మోకాలి దగ్గరున్నది తీసి గీకేసింది. "అయిపోయింది! గెలుపు డైరెక్టరు గారిది!" కార్డు ఆయన చేతిలో పెట్టి, రెండోది గ్వాంగిల్ జేబులో దోపింది. పేరు చదివే తీరిక ఎవరికుంది? డైరెక్టరు జుట్టు సవరించుకుని వేరే పనిమీద కారెక్కి పోయాడు.

గువాం దీవి గ్వాంగిల్ కళ్లముందే మునిగిపోయింది. బుర్ర పనిచేయక ఒక్క కేక పెట్టాడు. "కాఫీ నాది! అందరికీ! కేకులు కూడా!"

పక్కనే ఉన్న కాఫీ హోటల్లో పన్నెండు మందికీ తలా ఒక కేకు కొన్నాడు. చాలదని ఇంటికి పట్టుకుపొమ్మని తలా ఇంకోటి కొన్నాడు. "తినండి, తినండి! ఈరోజు తప్పితే నాకు మళ్లీ రోజు లేదు!"

అతని ఉద్దేశం గడువు గురించి. సూరిమ్ మాత్రం పక్కకు పోయి హ్యాంగ్‌మికి ఫోను చేసి ఏడ్చింది. "వదినగారూ, చీఫ్ గారికి డాక్టరు ఏమన్నాడు? మాకు చెప్పకపోయినా మీకైనా చెప్పారా? కేకులు పంచుతున్నారు వదినగారూ!"

"ఎవరు? మా ఆయన?" అంది హ్యాంగ్‌మి. "డబ్బులిచ్చి కొనా?"

పావుగంటలో ఆమె టాక్సీ దిగింది. ఒక కాలికి ఇంట్లో తొడిగే చెప్పు, ఇంకో కాలికి బూటు. మొగుడి చెయ్యి పట్టుకుని ఎదురు వీధి ఆసుపత్రికి లాక్కుపోయింది. "తలనుంచి పాదం దాకా అన్నీ చూడండి," అంది కౌంటరులో.

గ్వాంగిల్ నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పుడే గోడ మీది ధరల పట్టిక కంటబడింది. ఆసుపత్రి ఖర్చు పన్ను కాదు, కరెంటు బిల్లూ కాదు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"గుండె చూడండి," అన్నాడు ఉత్సాహంగా. "ఊపిరితిత్తులు కూడా. ఎముకలకు పరీక్ష ఉందా?"

"కడుపు తప్ప అన్నీ చేస్తాం," అంది నర్సు. "భోజనం చేసొచ్చారుగా, కడుపులో చోటు లేదు."

"మరి చెవులు? చెవులు వదిలేశారే!"

అతను ఒక్కో పరీక్ష అడుగుతుంటే హ్యాంగ్‌మికి ఒక్కో మెట్టు కూలినట్టయింది. ఎక్కడ నొప్పో తెలియనంతగా ఒళ్లంతా నొప్పన్నమాట! పరీక్షలన్నీ అయ్యాక అతను కార్డు ఇచ్చి, రసీదును ముద్దుపెట్టుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది చూసి ఆమె బల్లమీద కూలబడింది.

"నాకు గువాం వద్దండీ," అంది. "ఎండుచేపల కొట్టే చాలు. మీరుంటే చాలు. ఇక జన్మలో తుఫాను మాటెత్తను."

పాతికేళ్లలో ఆమె ఇలా మాట్లాడటం ఇదే మొదలు. గ్వాంగిల్ నిలువునా నీరయ్యాడు. ఆమె పక్కన కూర్చుని కార్డూ, నోటుబుక్కూ, పదకొండు గడులూ, హోటల్లో డైరెక్టరుతో కుస్తీ అంతా కక్కేశాడు.

హ్యాంగ్‌మి కళ్లు తుడుచుకుంది. నెమ్మదిగా ఇంటి చెప్పు కాలినుంచి తీసింది.

"అంటే మీకు జబ్బేమీ లేదా?"

"పూర్తి ఆరోగ్యం! ఇవిగో రిపోర్టులు!"

చెప్పు గాల్లోకి లేచేలోపే తలుపు తోసుకుని డైరెక్టరు మేంగ్ వచ్చి పడ్డాడు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో నీలం కార్డు.

"ఏమయ్యా ప్యో! ఎవరి డబ్బుతో ఆడుతున్నావు? రెండు గంటల నుంచి నా ఫోను మోగుతూనే ఉంది. కాఫీ! కేకులు! మళ్లీ కేకులు! చివరికి నా కార్డు మీద నీ ఎముకలు ఫొటో తీయించుకుంటావా?"

గ్వాంగిల్ జేబులోంచి కార్డు తీశాడు. దాని మీద మేంగ్ పేరుంది. డైరెక్టరు చేతిలో ఉన్నదాని మీద ప్యో గ్వాంగిల్ అని ఉంది. అంటే హోటలు పిన్ని గీకింది గ్వాంగిల్ కార్డే. అతని ఇరవై లక్షలు మధ్యాహ్నమే నిండిపోయాయి. పులుసులో మునగకపోయి ఉంటే ఆ మాట ఫోనే చెప్పి ఉండేది.

"మన్నించండి సార్, మీ డబ్బు రేపే..."

"డబ్బు సంగతి తర్వాత," అని డైరెక్టరు హఠాత్తుగా గొంతు తగ్గించాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ చెవుల పరీక్షతో మొత్తం ఎంతయింది? నాకు నాలుగున్నర లక్షలు తక్కువుండేవి. నా గడువు కూడా ఈరోజే."

హ్యాంగ్‌మి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మొహం ఎక్కడ పెట్టుకోనూ అని కొట్టుకున్నది దీనికా డైరెక్టరు గారూ?"

ఆయన పైకప్పు పరీక్షించాడు.

టిక్కెట్లు వచ్చాయి, రెండు ఇళ్లకూ. కార్డు కాగితంలో భూతద్దానికి కూడా దొరకని అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఉచిత టిక్కెట్లు చెల్లే విమానం నెలకు ఒక్కటే, అందులో వాటికి నాలుగే సీట్లు, అవీ ఒకే వరుసలో. హ్యాంగ్‌మి కిటికీ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంది. పక్కన మొగుడు, అతని పక్కన డైరెక్టరు, చివర డైరెక్టరు గారి భార్య. డైరెక్టరు పెట్టె గ్వాంగిల్ కాళ్ల దగ్గరుంది.

"తుఫాను తగ్గిందండీ," అంది ఆమె మొగుడి చెవిలో. "తగ్గి మీ పక్క సీట్లో కూర్చుంది."

గువాంలో మొదటి రోజు నలుగురూ కలిసి భోజనానికి కూర్చున్నారు. చేప సగం అయ్యేసరికి మగవాళ్లిద్దరూ టాయిలెట్‌కని ఒక్కసారే లేచారు.