ఇంటిదొంగకు వేసిన వల

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి సరైన పథకం లేకనే అలా అయిందని నరేష్ నమ్మకం. 1996లో అతను మూకండపల్లిలో బోల్టులు చేసే ఒక ఫ్యాక్టరీలో ఆఫీసు వ్యవహారాలు చూసేవాడు. కొత్త షెడ్డుకు స్థలం చూసిన ప్రతిసారీ ఆ మాట ముందే బయటికి పొక్కి, ఆ ఊళ్లో భూముల ధరలు కొండెక్కి కూర్చునేవి. "ఈసారి ఊరి పేరు నీకు కూడా చెప్పను. మాట మోసే దొంగెవరో పట్టు. మాట బయటికి పోయిందంటే మాత్రం పోయేది నీ ఉద్యోగమే" అని మేనేజరు యతీశ్ తేల్చేశాడు.

నరేష్ పథకం చిన్నదే. టైపిస్టు రంజిత చెవిలో శూలగిరి అని, డ్రైవరు పిల్లప్ప చెవిలో బాగలూరు అని వేయాలి. ఏ ఊరి పేరు బయట వినబడితే ఆ మనిషే దొంగ. అయితే అబద్ధమాడేటప్పుడు తన మొహమే పట్టిస్తుందేమోనని అనుమానం వచ్చి, ఉదయం రాగిముద్ద తింటూ ముందుగా భార్య మీద ప్రయోగించి చూశాడు.

"కొత్త షెడ్డు మీ అత్తిముగంలోనే. ఎవరికీ చెప్పొద్దు."

పవిత్ర చేతిలో గరిటె ఆగింది. "నిజంగానా? మా ఊర్లోనా?"

"నీ మీదొట్టు."

మొహం పట్టివ్వలేదు. నరేష్ ఉత్సాహంగా ఆఫీసుకు బయలుదేరాడు.

స్కూటరు సందు తిరగ్గానే పవిత్ర ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తింది. ఆమె తండ్రి అశ్వత్థప్ప ఆ రోజే తన మెట్ట చేనును బ్రోకరు కేశవప్పకు రాసివ్వబోతున్నాడు.

"నాయనా, యాడా సంతకం పెట్టొద్దు! మనూరికి ఫ్యాక్టరీ వస్తా ఉంది. మీ అల్లుడే చెప్పినారు. ఎవరికీ చెప్పొద్దు."

"ఊర్లోకి ఫ్యాక్టరీ వస్తా ఉందని నేనెవరికి చెప్తానమ్మా?" అని అశ్వత్థప్ప అరిచాడు. ఫోను పక్కింటివాళ్లది. పక్కింటివాళ్లందరూ చుట్టూనే ఉన్నారు.

చెవిలో పేర్లు పడ్డాక కూడా రంజిత, పిల్లప్ప ఇద్దరూ నోరు విప్పలేదు. శూలగిరి, బాగలూరు ప్రశాంతంగా ఉన్నాయి. దొంగలు భయపడిపోయారని నరేష్ మురిసిపోతుండగా, సోమవారం ఉదయం ఫ్యాక్టరీ గేటు ముందు ఒక టెంపో ఆగింది. డప్పుతో, గుమ్మడికాయతో సగం అత్తిముగం అందులోంచి దిగింది.

"మా అల్లుడే ఫ్యాక్టరీ తెచ్చినాడు!" అంటూ అశ్వత్థప్ప నరేష్ మెడలో దండ వేశాడు.

"ఇంటికొక ఉద్యోగం ఇప్పించప్పా!" అని వెనకనుంచి కేకలు.

యతీశ్ నరేష్‌ను దండతో సహా తన గదిలోకి లాక్కుపోయాడు.

"అత్తిముగం అని నీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఊరికే ఒక అబద్ధం చెప్పి చూసినాను."

"నా బీరువాలో ఉండే మాట నీ నోట్లోకి ఊరికే వచ్చిందా? ఆ కేశవప్పను పంపింది మేమేనప్పా! మీ మామ చేనును వాడు మా కోసమే కొంటా ఉండాడు. సంతకం పెట్టనని మీ మామ వాణ్ని తరిమేసినాడు. దొంగను పట్టమంటే నువ్వే దొరికినావు. రాజీనామా రాయి."

నరేష్ దండను పక్కకు తోసుకుని కాగితం మీదికి వంగాడు. అంతలో తలుపు నెట్టుకుని అశ్వత్థప్ప లోపలికి వచ్చాడు.

"అల్లుడి కుర్చీ కదిలితే నా చేను కదలదు సార్. ఆలోచన చేసుకోండి."

యతీశ్ ఆలోచించుకున్నాడు. నరేష్‌ను బయటికి పంపి, అశ్వత్థప్పకు కాఫీ తెప్పించి, తలుపు వేసుకున్నాడు. నరేష్ గోళ్లు కొరుకుతూ వరండాలో తిరిగాడు. చాలాసేపటికి మామగారు మీసం దువ్వుకుంటూ వచ్చారు.

"నీ ఉద్యోగానికి ఏమీ కాలేదు. పోయి పని చూసుకో."

"చేను ఎంతకిచ్చినారు మామా?"

"అది లోపలి మాటప్పా. నీకు మాత్రం చెప్పొద్దని సారు ఒట్టేయించుకున్నాడు."

ఆ ఫ్యాక్టరీ నుంచి బయటికి పొక్కని మొదటి రహస్యం అదే.