ముప్పై ఒక్కమంది దొరలు

సిద్దిపేట లిటిల్ లార్డ్స్ హైస్కూల్ వార్షికోత్సవంలో 'తొలినాటి ఇంగ్లీషు వలస: నిత్యజీవితం, సామాజిక వర్గాలు' అను ఆంగ్ల నాటిక ప్రదర్శింపబడునని కరపత్రం వెలువడింది. నాలుగు వందల ఏళ్ల కిందట అమెరికా ఒడ్డున దిగిన ఇంగ్లీషువాళ్లతో మనకేం పని అని ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు ఉంటే చాలు, పని అదే పుట్టుకొస్తుందని పాఠకులైన తమకు తెలియనిది కాదు.

రచన, దర్శకత్వం సోషల్ సార్ కర్ణాకర్. వెట్టిచాకిరీ పాఠం ఆయన చెబుతుంటే ఎనిమిదో తరగతి పిల్లలు కళ్లు తుడుచుకుంటారు. ఆయన మాత్రం పూర్తి స్వతంత్రుడు. కాకపోతే చేరిననాడే ఏడేళ్లకు బాండు రాసి, ఒరిజినల్ సర్టిఫికెట్లు కరస్పాండెంటు రాజేంద్రప్రసాద్ గారికి ఒప్పగించాడు. నాలుగేళ్లుగా అవి వారి బీరువాలో క్షేమంగా ఉన్నాయి. దీన్ని వెట్టి అనరు, యాజమాన్య పద్ధతి అంటారు.

ఇప్పుడు కర్ణాకర్‌కు గురుకులంలో సర్కారు ఉద్యోగం వచ్చింది. వార్షికోత్సవం తర్వాతి సోమవారం హైదరాబాదులో ఒరిజినల్స్ చూపించాలి, లేకుంటే ఉద్యోగం జాబితాలో వెనకవాడికి పోతుంది. ఆ సంగతి విన్నవించుకుంటే, "ముందుగాల నాటిక మంచిగ చెయ్యి కర్ణాకర్, తర్వాత మాట్లాడుదాం" అన్నారు కరస్పాండెంటు.

ఆ వలసలో గవర్నరు, దొరలు, సొంత భూమి గల రైతులు ఉండేవారు. వారి కింద, ఓడ కిరాయికి బదులు ఏడేళ్లు చాకిరీ చేస్తామని కాగితం రాసిచ్చి వచ్చిన నౌకర్లు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు కూడా ఉండేవారు గానీ, ఫొటోల్లో బాగుండదని కరస్పాండెంటు గారు వారిని నాటికలోంచి కొట్టేశారు.

పాత్రలను కర్ణాకర్ కేవలం ప్రతిభను బట్టి పంచాడు. గవర్నరు దొరసానికి కావలసిన ప్రతిభ సొంత బిడ్డ సాయిసుధలో తప్ప ఆయనకు మరెక్కడా కనిపించలేదు. నౌకర్లకు కావలసిన ప్రతిభ మాత్రం వెనక బెంచీల్లోని నల్లటి పిల్లలందరిలోనూ పుష్కలంగా కనిపించింది.

మర్నాడు బట్టల దుకాణం రామేశ్వర్ వచ్చాడు. "ఏంది సార్, మా శ్రీవర్ధన్ గంప మోసుడేంది? గజ్వేల్ నుంచి మా చుట్టాలంత వస్తున్రు!" శ్రీవర్ధన్ అక్కడికక్కడే దొర అయ్యాడు. ఆ తర్వాత రోజుకు అయిదుగురు చొప్పున పదోన్నతులు జరిగాయి. చివరికి అక్కన్నపేట నుంచి కల్లు గీసే కాశయ్య వచ్చి నిలబడ్డాడు. "తాళ్లెక్కుడు నాకెట్లనో తప్పది సార్. నాటకంలనన్న మా నవనీత దొరసాని కావద్దా?"  కర్ణాకర్ నవనీతకూ దొరసాని టోపీ తెప్పించాడు.

ప్రదర్శన నాడు ఓడ ఒడ్డుకు చేరింది. కిరాయి కోట్లు తొడుక్కుని ముప్పై ఒక్కమంది దొరలు, దొరసానులు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. మూటలు దించాలి, కట్టెలు కొట్టాలి, గుడిసె వేయాలి. ఎవరూ కదలలేదు. తెర చాటు నుంచి కర్ణాకర్ బతిమాలితే, "నేను దొర గద సార్" అన్నాడు శ్రీవర్ధన్. అసలు వలసలోనూ పని ముట్టని దొరలు ఎక్కువై ఆకలికి మాడారని పుస్తకాల్లో ఉంది. చరిత్ర ఇంత యథాతథంగా మన జిల్లాలో ఎన్నడూ ప్రదర్శింపబడలేదు.

ముందు వరుస సోఫాలో కరస్పాండెంటు గారు గడియారం చూసుకున్నారు. కర్ణాకర్‌కు బీరువా గుర్తొచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుని వేదిక ఎక్కాడు. మూటలు మోశాడు, కట్టెలు కొట్టాడు, దొరల బూట్లు తుడిచాడు. "తొందరగా కానీ!" అని సాయిసుధ గదమాయించాలి. అది ఆయన రాసిన మాటే. కానీ బిడ్డ మొహం పక్కకు తిప్పుకుంది. ఆఖరున మోకాళ్ల మీద కూర్చుని, ఏడేళ్లు తమరి చాకిరీ చేస్తానని కాగితం చదువుతూ ఆయన నిజంగానే తువ్వాలు కొసతో కళ్లు తుడుచుకున్నాడు. ఈలలతో పందిరి అదిరింది.

మర్నాడు కరస్పాండెంటు గారు ఆయన్ను పిలిపించారు. "ఏం జీవించినవయ్యా! నీ అసొంటోన్ని ఎట్ల ఇడుస్త? ఇయ్యాల్టి నుంచి నువ్వు వైస్ ప్రిన్సిపాల్‌వి. ఇంకో ఏడేండ్లకు గీడ సంతకం పెట్టు."

"సార్, సోమవారం నా..."

"సర్కారు నౌకరీల గీ మర్యాద దొరుకుతదా? ముందుగాల కుర్చీల కూసో."

కాగితం బల్ల మీద పెట్టి కరస్పాండెంటు గారు బయటికి నడిచారు. కుర్చీ గుండ్రంగా తిరిగేది. బల్ల మీద ఇత్తడి పలక, దాని మీద ఆయన పేరు. కర్ణాకర్ కూర్చున్నాడు. కాలితో తన్ని ఒక చుట్టు తిరిగాడు. బాగుంది. తలుపు వైపు చూశాడు, ఎవరూ లేరు. ఇంకో చుట్టు తిరిగి సంతకం పెట్టాడు.

సోమవారం హైదరాబాదులో ఆయన పేరు పిలిచే వేళకు ఆయన ఎనిమిదో తరగతిలో వలస పాఠం చెబుతున్నాడు. నవనీత లేచి నిలబడింది.

"సార్, ఏడేండ్ల చాకిరి అని తెలిసి గూడ వాళ్లు సంతకం ఎందుకు పెట్టిన్రు?"

వైస్ ప్రిన్సిపాల్ గారు డస్టరు తీసుకుని బోర్డు తుడిచారు.

"కూసో. అది పరీక్షల రాదు."

పిల్లలందరూ ఆ మాట నోట్సులో రాసుకున్నారు.