ఎలిసెయో గారి ఏడాది ఆటలు

ఆటలు ఆడేది సరదా కోసం అని మీలో ఎవరైనా ఇంకా నమ్ముతున్నారా? పాపం! సరదా కంటికి కనపడదు, చేతికి చిక్కదు. పోయిన బుధవారం ఎంత సరదా పడ్డావయ్యా అని అడిగితే ఎవరైనా చెప్పగలరా? అదే లెక్క రాసి పెట్టుకుంటే? ఎప్పుడంటే అప్పుడు తీసి చూసుకోవచ్చు, పదిమందికీ చూపించి వాళ్ళ ప్రాణం తీయవచ్చు. కనుక ఆడిన ప్రతి ఆటనూ ఫోనులోకి ఎక్కించుకోవడం ఈ కాలపు మనిషికి దక్కిన మహాభాగ్యం అని నా గట్టి అభిప్రాయం.

రుజువు కావాలా? ఫిలిప్పీన్స్‌లోని మా కొండ ఊరు బగియోలో కళ్ళద్దాల దుకాణం నడిపే ఎలిసెయో గారి సంగతి వినండి.

మా కొండ మీద వాన మొదలైతే నెలల తరబడి ఆగదు. మధ్యాహ్నం నుంచే పొగమంచు కిటికీలోకి తొంగిచూస్తుంది. అలాంటి చోట బల్ల చుట్టూ కూర్చోవడం కంటే మనిషికి ఏం పని ఉంటుంది? ఎలిసెయో ఇంట్లో బుధవారం సాయంత్రాలు అలాగే గడిచేవి. గోడ నిండా ఆటల పెట్టెలు. ఒకదాంట్లో రైలు మార్గాలు వేయాలి, ఒకదాంట్లో మిరియాల ఓడలు నడపాలి, ఇంకోదాంట్లో గొర్రెల్ని పెంచాలి. ఆడేది నలుగురు. ఎలిసెయో, అతని భార్య మారివిక్, వీధి చివర బేకరీ డెల్ఫిన్, పక్కింటి మానాంగ్ పురీటా. మా వైపు మానాంగ్ అంటే అక్క, మానోంగ్ అంటే అన్న. నర్సుగా రిటైరైన ఆవిడ ఆ వీధి మొత్తానికీ అక్కే. డెల్ఫిన్ వేడి వేడి పాన్‌డెసాల్ రొట్టెలు తెచ్చేవాడు, మారివిక్ కాఫీ పెట్టేది. అల్లరి వీధిలోకి వినపడేది.

ఇంత అజ్ఞానంలో ఎన్నేళ్ళు బతికారో చూడండి! ఎవరెన్ని గెలిచారో ఒక్కరికీ తెలియదు!

ఆ జనవరిలో ఎలిసెయోకి జ్ఞానోదయమైంది. ఫోనులో ఒక యాప్ వేసుకున్నాడు. ఏ ఆట, ఎవరు ఆడారు, ఎవరు గెలిచారు, ఎవరి వంతుకు ఎంత సేపు పట్టింది, అన్నీ అందులో పెట్టేయవచ్చు. ఏడాదిలో మూడు వందల ఆటలు పూర్తి చేస్తానని అందరి ముందూ ప్రకటించాడు. మిగతా ముగ్గురూ చప్పట్లు కొట్టారు. అప్పటికి వాళ్ళకేం తెలుసు!

మార్చిలో ఒక బుధవారం, ఆట మొదలు పెట్టే ముందు, టీవీ మీద రంగురంగుల గ్రాఫులు వెలిగాయి.

"తమ్ముడూ డెల్ఫిన్, జనవరి నుంచి నువ్వు ఒక్క ఆట కూడా గెలవలేదు, తెలుసా?" అన్నాడు ఎలిసెయో ఎంతో అభిమానంగా.

"నేనా? పోయిన వారం గెలిచాను కదా, మానోంగ్!"

"పోయిన వారం నీది నాలుగో స్థానం."

డెల్ఫిన్ రొట్టె నములుతూ ఆగిపోయాడు. "మరి అంత నవ్వానెందుకు?"

ఆ ప్రశ్నకు యాప్‌లో జవాబు లేదు. ఆ సాయంత్రం డెల్ఫిన్ ఓడను కదిపే ముందు రెండుసార్లు లెక్క వేసుకున్నాడు. జోకు ఒక్కటీ వేయలేదు. అయినా ఓడిపోయాడు, ఈసారి మాత్రం తెలిసి ఓడిపోయాడు. విజ్ఞానమంటే ఇదే కదా!

మరుసటి వారం గ్రాఫు మానాంగ్ పురీటాది. ఆట సమయంలో సగం ఆవిడ ఆలోచనకే పోతోందని తేలింది.

"ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో పరుగులు పెట్టాను నాయనా," అంది ఆవిడ. "ఇప్పుడైనా తీరిగ్గా ఆలోచించుకోనీ."

"మిమ్మల్ని ఎవరూ ఏమీ అనడం లేదు, మానాంగ్. ఒక చిన్న అలారం పెడతాను, అంతే."

ఫోను బీప్ బీప్ అనడం మొదలుపెట్టింది. ఐసీయూలో ఆవిడ విని విని విసిగిపోయిన చప్పుడది. మానాంగ్ పురీటా కంగారులో గొర్రె బొమ్మను తీసి బోర్డు మీది చెరువు నీళ్ళలో పెట్టింది. ఆడే ఓపిక లేక, చేతిలోని కార్డులు బల్ల మీద బోర్లించింది.

"ఎలీ, ఆపెయ్ దాన్ని," అంది మారివిక్ మెల్లగా.

"ఆపితే లెక్క తప్పుతుంది కదా!"

తర్వాతి బుధవారానికి మానాంగ్ పురీటాకి మోకాలి నొప్పి వచ్చింది. ఆ పై వారం డెల్ఫిన్ బేకరీలో పొయ్యి చెడిపోయింది. ఆ మోకాలు బుధవారమే నొప్పి పెట్టేది, ఆ పొయ్యి బుధవారమే చెడిపోయేది. ఇంకొన్నాళ్ళకు మారివిక్ కూడా బుధవారాలు చర్చిలో కోయిర్ పాటల సాధన ఉందంటూ గొడుగు తీసుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. మారివిక్ గొంతు ఎరిగిన ఏ భర్తకైనా అక్కడే అనుమానం రావాలి. కానీ యాప్‌లో దానికి ఒక గడి ఉండాలి కదా?

లక్ష్యం మాత్రం ఎదురుగా నిలబడి చూస్తోంది. ఏం చేస్తాడు? దుకాణంలో కళ్ళు పరీక్షిస్తూ, "ఈ వరుస చదవండి... ఆఁ, బాగుంది. ఒక చిన్న ఆట వేద్దామా?" అని అడిగేవాడు. ఒకాయన చత్వారపు అద్దాలకని వచ్చి, మూడు ఆటలు ఓడిపోయి, అద్దాలు లేకుండానే పారిపోయాడు. అక్షరాలు కనపడకపోయినా వీధి దారి కనపడింది, అదే పదివేలు!

ఆ తర్వాత ఎలిసెయో ఒక్కడే ఆడటం మొదలుపెట్టాడు. కుడిచేతి తరఫున ఒక ఎత్తు, లేచి అటువైపు కూర్చుని ఎడమచేతి తరఫున ఇంకో ఎత్తు. ఎడమచేయి ఆగస్టులో మంచి ఊపు మీద ఉంది. కుడిచేయి కావాలనే ఓడిపోతోందేమోనని అతనికి గట్టి అనుమానం కూడా వచ్చింది.

ఒక సాయంత్రం, బయట జోరున వాన. ఎడమచేయి ఎవరూ ఊహించని దారిలో ఓడను తిప్పి ఓడరేవు పట్టేసింది. ఎలిసెయో సంతోషం పట్టలేక, "చూశావా!" అంటూ తలెత్తాడు. ఎదురుగా కుర్చీ ఉంది. కాసేపు ఆ కుర్చీని చూశాడు. తర్వాత ఆట ఫలితం ఫోనులోకి ఎక్కించి, కాఫీ తాగకుండానే బిళ్ళలన్నీ పెట్టెలో సర్దేశాడు.

డిసెంబరు రానే వచ్చింది. లక్ష్యం పూర్తయింది. ఒక బుధవారం సాయంత్రం యాప్ సంబరంగా సంగీతం వాయిస్తూ ఏడాది నివేదిక తెరిచింది. తెర మీద నక్షత్రాలు రాలాయి. వాటి మధ్య పెద్ద అక్షరాలు: "ఈ ఏడాది మీరు అందరికంటే ఎక్కువగా ఆడిన తోడు: ఎలిసెయో. అభినందనలు!"

చూశారా యాప్ నిజాయితీ? కన్నతల్లి కూడా చెప్పలేని మాట అది. నవ్వుతూ చెప్పింది.

ఎలిసెయోకి ఆ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. మారివిక్‌తోనే చెప్పుకోవాలనిపించింది. గొడుగు వేసుకుని చర్చికి వెళ్ళాడు. తలుపులు మూసి ఉన్నాయి. మెట్లు తుడుస్తున్న పెద్దాయన ఆశ్చర్యపోయాడు.

"కోయిరా? అది ఆదివారం కదా."

"మరి మా ఆవిడ... మారివిక్..."

"మారివిక్ గారా? ఆవిడ పాడుతుందా?" అన్నాడు పెద్దాయన, కాస్త భయంగా.

నెలల తరబడి భార్య ఎక్కడికి వెళుతోంది? ఎలిసెయో పొగమంచులోనే వెనక్కి నడిచాడు. మానాంగ్ పురీటా ఇంటి ముందుకు వచ్చేసరికి లోపలి నుంచి పకపకా నవ్వు వినిపించింది. అది మారివిక్ నవ్వు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. దాని వెనకే డెల్ఫిన్ గొంతు: "మోసం, మోసం! మానాంగ్ బఠానీ మింగేసింది!"

తలుపు కొట్టాడు. మానాంగ్ పురీటా మోకాలి నొప్పి లేకుండా చకచకా వచ్చి తీసింది. అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

వంటగది బల్ల మీద పాతకాలపు ఓడల ఆట పరిచి ఉంది. పోయిన బిళ్ళల స్థానంలో బఠానీలు. డెల్ఫిన్ రొట్టెను వీపు వెనక దాచాడు, దాచాల్సింది అదేనన్నట్టు. మారివిక్ మొహం ఎర్రబడింది.

"కోయిర్ అన్నావు," అన్నాడు ఎలిసెయో.

"అన్నాను."

"నాకు చెప్పొచ్చు కదా, మారివిక్?"

"చెబితే వస్తావు. వస్తే రాస్తావు."

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. చూరు నీళ్ళు వీపు మీద పడుతున్నాయి. కోపంగా ఏదో అనబోయాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఎన్ని ఆటలు ఆడారు ఇప్పటికి?"

ఆ మాట చెవిన పడ్డాక అతనికే సిగ్గేసింది.

"సరే. అడగను," అన్నాడు. "నన్ను కూడా ఆడనిస్తారా?"

"గొడుగు బయట, ఫోను బియ్యం డబ్బాలో," అంది మానాంగ్ పురీటా. "చెప్పులు విప్పి రా నాయనా, తడిసిపోతున్నావు."

ఫోనుని బియ్యంలోకి చేయి మునిగేదాకా దింపాడు. మారివిక్ జరిగి చోటిచ్చింది. మానాంగ్ పురీటా తన వంతు వచ్చినప్పుడు అందరి కాఫీలూ చల్లారేదాకా ఆలోచించింది. ఈలోగా డెల్ఫిన్ ఒక కథ చెప్పాడు, మారివిక్ ఒక పాట అందుకుంది, మగవాళ్ళిద్దరూ కలిసి ఆమె నోరు మూయించారు. ఎలిసెయో చేయి రెండుసార్లు ఖాళీ జేబులోకి వెళ్ళి వచ్చింది. మూడోసారి రొట్టె మీదికి వెళ్ళింది.

ఆట ముగిసేసరికి డెల్ఫిన్ ఓడలన్నీ సముద్రం అడుగున ఉన్నాయి. అతను కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు.

"మానోంగ్, ఇక్కడ నా ఆట నువ్వు చూడలేదు! సగానికి సగం నేనే గెలుస్తున్నా. కావాలంటే వీళ్ళని అడుగు!"

మానాంగ్ పురీటా కెటిల్ వైపు తిరిగింది. మారివిక్ తలొంచుకుని కార్డులు కలపసాగింది, అవి కలిపిన కార్డులే.

ఎలిసెయో బోర్డు వైపు చూశాడు. డెల్ఫిన్ మొహం వైపు చూశాడు.

"సగమేమిటి తమ్ముడూ," అన్నాడు. "ఎక్కువే ఉంటుంది."

బల్ల కింద మారివిక్ అతని చేయి పట్టుకుంది.

మీరేమో లెక్కలు వద్దంటారు! లెక్క క్షుణ్ణంగా తెలిసినవాడికి కదా, దాన్ని ఎక్కడ తప్పు చెప్పాలో తెలిసేది!